నాన్నగారు పోయాక కాగితాల పని: సెలవు అయ్యేలోపు ఏవి చేయాలి, ఏవి ఆపాలి

కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలు, ఊళ్లో నాన్నగారు పోయారని కబురు రాగానే టికెట్ తీసుకుని, ఎయిర్‌పోర్టుకు వెళ్తూ నాకు ఫోన్ చేస్తుంటారు. "అన్నయ్యా, సెలవు తక్కువ ఉంది, ముందు ఏ కాగితాలు చూసుకోవాలి?" అని. ఇక్కడ దగ్గరివాళ్లు పోతే కంపెనీలు సాధారణంగా ఇచ్చేది మూడు నుంచి ఐదు రోజులే. జబ్బు పడ్డ తల్లిదండ్రులను చూసుకోవడానికి పనికొచ్చే ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవు, వాళ్లు పోయాక కర్మ చేయడానికి వర్తించదు. మీ సొంత సెలవులన్నీ కలిపితే రెండు మూడు వారాలు దొరుకుతాయి.

అందరికీ నేను చెప్పేది ఒకటే. గడువున్న కాగితాలు వేరు, పంపకాల కాగితాలు వేరు. మొదటివి వెంటనే మొదలుపెట్టండి. రెండోవాటి జోలికి ఈ ప్రయాణంలో వెళ్లకండి.

అన్నిటికంటే ముందు డెత్ సర్టిఫికెట్. చట్టప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే వాళ్లే సమాచారం పంపుతారు. ఇంట్లో పోతే మాత్రం ఇంటివాళ్లే చెప్పాలి, పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్నంలో మున్సిపాలిటీకి. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము, 30 రోజులు దాటితే మీరే సంతకం చేసి ధ్రువీకరించిన పత్రం, అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

దరఖాస్తు నింపేటప్పుడు నాన్నగారి ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, పొలం పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకోండి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. వెంకట సుబ్బారావు అన్న పేరు ఒకచోట ఒకే మాటగా, ఇంకోచోట మూడు మాటలుగా ఉంటుంది. డెత్ సర్టిఫికెట్లో నాలుగో రకం స్పెల్లింగ్ పడితే ఆ తర్వాత ప్రతి ఆఫీసులోనూ ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లు ఇస్తూ తిరగాలి. ఆసుపత్రిలో చేర్చిన రోజున హడావుడిలో ఎవరో చెప్పిన పేరే చాలాసార్లు అలాగే దిగిపోతుంది. ఆ కాగితం మున్సిపాలిటీకి చేరకముందే ఒకసారి చూసుకోండి. అమ్మ పేరు, చిరునామా కూడా.

రెండోది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అంటే పోయినవారి కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో చెప్పే పత్రం. మీసేవలోనో, ఆంధ్రాలో అయితే సచివాలయంలోనో దరఖాస్తు పెడితే, రెవెన్యూవాళ్లు విచారించి తహసీల్దార్ ఇస్తారు. విచారణ సమయానికి మీరు ఊళ్లో ఉంటే మంచిది. అందులో అమ్మ, అన్నదమ్ములు, పెళ్లయిన అక్కచెల్లెళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్లు, అందరి పేర్లూ ఉండాలి. "ఆడపిల్ల పేరెందుకు, పని తొందరగా కాదు" అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆయన మాట వినకండి.

నాన్నగారి ఫోన్ నంబరు రీచార్జ్ ఆపొద్దు. మా నాన్నగారు పోయినప్పుడు ఆయనకు ఎక్కడెక్కడ ఏమున్నాయో మాకు సగం చెప్పింది ఆ ఫోన్లో ఉన్న మెసేజీలే: ఎల్ఐసీ ప్రీమియం, డిపాజిట్ గడువు, గ్యాస్ సబ్సిడీ. పాస్‌బుక్ కూడా వరుసగా చదవండి. ఏటా 436 రూపాయలు కట్ అవుతుంటే అది రెండు లక్షల జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు కట్ అవుతుంటే ప్రమాద బీమా. వయసు దాటకపోతే క్లెయిమ్ చేయొచ్చు.

అయితే ఆ ఫోన్ తెలుసుకోవడానికే. పోయినవారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయడం, ఓటీపీతో బదిలీ చేయడం అస్సలు వద్దు, ఖర్చులకని అయినా సరే. బ్యాంకుకు కబురు చెప్పగానే ఆయన ఒక్కరి పేరున్న ఖాతా ఆగిపోతుంది. కాబట్టి అమ్మ కరెంటు బిల్లు, మందులు ఏ ఖాతా నుంచి పోతున్నాయో ముందు చూసి, ఆవిడ సొంత ఖాతాలో మీ డబ్బు కొన్ని నెలలకు సరిపడా వేసి, అప్పుడు బ్యాంకుకు వెళ్లండి. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉన్న జాయింట్ ఖాతా అయితే అమ్మ వాడుకుంటూనే ఉండొచ్చు. నామినీ ఉంటే సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులెవరో తేల్చి కోర్టు ఇచ్చే పత్రం) తెమ్మని బ్యాంకు అడగకూడదు, కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇది రిజర్వ్ బ్యాంకు నియమమే. మెత్తగా, రాతపూర్వకంగా గుర్తుచేయండి.

నాన్నగారు పింఛనుదారైతే ట్రెజరీకి వెంటనే తెలపాలి. ఆలస్యమైతే ఖాతాలో పడ్డ అదనపు పింఛను తర్వాత వెనక్కి కట్టాల్సి వస్తుంది, అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ మాత్రం మొదలవదు. నా దృష్టిలో డెత్ సర్టిఫికెట్ చేతికొచ్చాక మొదటి పని ఇదే, ఎందుకంటే అమ్మ చేతిలో నెలనెలా సొంత డబ్బు ఉండాలి.

గ్యాస్, కరెంటు మీటరు, ఓటరు జాబితా, రేషన్ కార్డు, వీటిలో పేరు మార్పులన్నీ ఊళ్లో ఉన్నవాళ్లు నెమ్మదిగా చేసుకోవచ్చు. నాన్నగారికి పన్ను పడే ఆదాయం ఉంటే, పోయిన తేదీ వరకూ ఆయన తరఫున రిటర్న్ వేయాలి. దానికి వారసుడిగా ఇన్‌కంటాక్స్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. ఆ పని ఇక్కడి నుంచి కూడా అవుతుంది.

ఇక పంపకాలు. పదకొండో రోజు భోజనాలయ్యాక, "అందరూ ఉన్నారుగా, మళ్లీ ఎప్పుడు కలుస్తారో" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. మాట తప్పు కాదు, సమయం తప్పు. మరుసటి రోజే రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి అక్క చేత, అమ్మ చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టిస్తారు. నిద్ర లేక, ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి పెట్టే సంతకం అది. వీలునామా లేకపోతే నాన్నగారి స్వార్జితంలో అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. 1956 నుంచీ చట్టం అదే. పిత్రార్జితంలోనూ కూతుళ్లకు హక్కు ఇచ్చిన సవరణ దేశమంతటికంటే ముందు, 1986లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకుంది. అమ్మ వాటా అమ్మ పేరు మీదే ఉండనివ్వండి. "నీకెందుకమ్మా టెన్షన్, మేం చూసుకుంటాం" అని ఇల్లు కొడుకు పేరుకు మార్చుకున్న చోట, ఆవిడ తన ఇంట్లోనే చుట్టంలా ఉండటం చూశాను. నామినీగా మీ పేరు ఉన్నంత మాత్రాన బ్యాంకు డిపాజిట్ అంతా మీ సొంతం కాదన్నదీ గుర్తుంచుకోండి.

తిరిగొచ్చాక పనులు చూడటానికి ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే, అక్కడ ఉండగానే సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించండి. ఏ పనికో స్పష్టంగా రాయించండి, ఆస్తిని విక్రయించే అధికారం ఇవ్వకండి. అమెరికా నుంచి పంపాలంటే కాన్సులేట్ ధ్రువీకరణ గానీ నోటరీతో పాటు అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) గానీ కావాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి.

డబ్బు మీ వాటాకు వస్తే, చదువుకునే రోజుల నాటి పాత సేవింగ్స్ ఖాతాలో వేయించుకోకండి. విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా ఆదాయం వేసుకునే ఎన్నార్వో ఖాతా తెరవండి. అందులోంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకూ, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో, ఇక్కడికి తెచ్చుకోవచ్చు. అమెరికా పన్నుల లెక్కలో మీరు రెసిడెంట్ అయితే, ఏడాదిలో లక్ష డాలర్లు దాటి వారసత్వం వచ్చినప్పుడు ఆ సంగతి అమెరికా పన్నుల శాఖకు తెలిపే ఫారం 3520 వేయాలి. పన్నేమీ ఉండదు, చెప్పకపోతే మాత్రం జరిమానా ఆ మొత్తంలో 25 శాతం దాకా పోవచ్చు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలిపే రిపోర్టు) కూడా వేయాలి. అమ్మతో కలిపి జాయింట్‌గా తెరిచిన ఖాతా ఈ లెక్కలోకి వస్తుంది, డబ్బంతా ఆవిడదే అయినా.