‘కిరాయి మేమిస్తం’ అంటే మామ ఎందుకు నొచ్చుకున్నాడు?

సందేహం: సిరిసిల్ల నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది. చెల్లెలి పెండ్లి కుదిరింది. మేనమామ కుటుంబం, ఇంకొందరు చుట్టాలు మరమగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఇంటిల్లిపాదీ రావాలంటే వాళ్లకు చార్జీలు, పైగా పనిరోజులు పోతాయి. అందుకని రానుపోను ఖర్చులు తామే పెట్టుకుందామనుకున్నారు. శుభలేఖ చివర ‘దూరపు బంధువులకు రానుపోను ప్రయాణ ఖర్చులు భరించబడును’ అని వేయించి నమూనాను వాట్సాప్‌లో పంపారు. ఫోన్‌లో కూడా ‘మామా, కిరాయి మేమిస్తం, అందరు రావాలె’ అని చెప్పారు. ‘మేమేమన్న కిరాయి మనుషులమా?’ అని మామ నొచ్చుకున్నాడట. ‘వాక్యంలో తప్పెక్కడుంది? రానుపోను అనాలా, రాకపోకలు అనాలా? ఇలా ఇచ్చే డబ్బుకు మన భాషలో ఒక్క మాట ఉందా?’ అని అడుగుతున్నారు.

సమాధానం: మామ నొచ్చుకున్నది డబ్బు మాట ఎత్తినందుకు కాదని నా నమ్మకం. చుట్టాలను మన ఖర్చుతో పిలిపించుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మగపెళ్లివారు తరలి రావడానికి బస్సు పెడతాం, దిగడానికి విడిది చూస్తాం, ఆడబిడ్డను బండి పంపి తెప్పించుకుంటాం. ఈ ఖర్చుల గురించి నొప్పి లేకుండా మాట్లాడే భాష కూడా మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. మీ వాక్యం మాత్రం టెండరు నోటీసు భాషలో పడింది.

ముందు ‘కిరాయి’ సంగతి చూద్దాం. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరిన మాట ఇది. తెలంగాణలో ఇంటి అద్దె కిరాయే, ఆటోకు ఇచ్చేది కిరాయే, బస్సు టికెట్టు డబ్బులూ కిరాయే. ఇంట్లో అద్దెకుండేవాడు కిరాయిదారు. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు. అయితే కిరాయి గూండాలు, కిరాయి హంతకులు అంటూ పత్రికల్లో రోజూ చదువుతుంటాం. మనిషి ముందు ఈ మాట చేరితే, డబ్బు కోసం వచ్చినవాడు అనే అర్థం వస్తుంది. బస్సు కిరాయి అంటే బస్సుకు చెల్లించేది. మీరు ఫోన్‌లో ‘బస్సు’ అనే మాట వదిలేశారు. అప్పుడు ‘కిరాయి మేమిస్తం, అందరు రావాలె’ అన్న వాక్యంలో మిగిలింది మనుషులే. కిరాయి వెళ్లి వాళ్లకు అంటుకుంది. మామ తప్పు వినలేదు, మీరు అన్నదే విన్నాడు.

పైగా వరస కూడా దెబ్బతీసింది. డబ్బు మాట ముందు, పిలుపు తర్వాత వచ్చాయి. ‘ఇస్తాం, రండి’ అంటే ఇస్తున్నాం కాబట్టి రండి అన్నట్టు వినిపిస్తుంది. ‘అందరు రావాలె మామా, బస్సు కిరాయి సంగతి మేం చూసుకుంటం’ అనండి. మాటలు దాదాపు అవే. పిలుపు ముందుకొచ్చింది, కిరాయి తిరిగి బస్సు దగ్గరికి చేరింది.

ఇక అచ్చులో ఉన్న వాక్యం. దానిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ‘దూరపు బంధువులు’. మీరు దూరంగా ఉన్న బంధువులు అనే ఉద్దేశంతో రాశారు. తెలుగులో ఆ మాటకు ఆ అర్థం లేదు. దూరపు చుట్టం అంటే చుట్టరికంలో దూరం. పక్కింట్లో ఉన్నా దూరపు చుట్టం దూరపు చుట్టమే, అమెరికాలో ఉన్నా మేనమామ దగ్గరివాడే. చాలా ఇళ్లలో పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చేది మేనమామలు. అలాంటి మనిషికి ‘దూరపు బంధువు’ అని అచ్చేసిన కాగితం పంపారు. కిరాయి మాట కంటే ముందు ఇదే గుచ్చుకుని ఉంటుంది. ‘దూరం నుంచి వచ్చే బంధువులు’ అనండి, ‘పైఊళ్ల చుట్టాలు’ అనండి. పైఊరు అంటే మన ఊరు కానిది అని అందరికీ తెలుస్తుంది, చుట్టరికం జోలికి పోదు.

‘భరించబడును’లో రెండు చిక్కులున్నాయి. భరించు, భారం రెండూ ఒక్క సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. ఖర్చులు భరించడం అంటే ఆ బరువు మోయడం. ఒప్పందాల్లో, కోర్టు తీర్పుల్లో ఆ మాట చక్కగా అతుకుతుంది. ఇంటి మాటల్లో మాత్రం నొప్పి భరిస్తాం, ఎండ భరిస్తాం, కొందరి నోటిదురుసు భరిస్తాం. మీ రాకను భరిస్తాం అని ఎవరూ అనరు కదా. మీ ఖర్చు భరిస్తాం అన్నప్పుడు ఆ నీడ కొంత పడుతుంది.

రెండోది ‘బడు’. ‘ఇచ్చట అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డుల్లోనూ, ‘కానుకలు స్వీకరించబడవు’ అని శుభలేఖల్లోనూ చూస్తుంటాం. ఈ కర్మణి వాక్యానికి వ్యాకరణంలో చోటుంది, నేను కాదనను. కానీ ఇది చేసేవాణ్ని దాచేస్తుంది. బోర్డు మీద పరవాలేదు. ఎవరు పెట్టుకుంటున్నారో ప్రేమగా తెలియవలసిన చోట ఆ మనిషినే మాయం చేస్తే మిగిలేది నోటీసు. తెలుగు నోటికి చేసేవాణ్ని ముందు పెట్టి చెప్పే కర్తరి వాక్యమే సహజం. ‘మేం’ అని ఉండాలి.

‘ఇస్తాం’ అనడం కంటే ‘ఇచ్చుకుంటాం’ అనడం మెత్తన. చివర చేరిన ‘కొను’ చేసే పని అది. చెప్పాను అంటే ఒకటి, చెప్పుకున్నాను అంటే ఇంకొకటి. విన్నవిస్తున్నాను అనేదానికి, విన్నవించుకుంటున్నాను అనేదానికి మధ్య వంగిన తల ఉంది. ఖర్చు పెడతాం అంటే మీ కోసం పెడుతున్నాం అని ఎత్తి చూపినట్టు ఉండవచ్చు, పెట్టుకుంటాం అంటే అది మా పనిగా మేం తీసుకున్నాం అని. చూసుకుంటాం అంటే ఇంకా మేలు, అందులో డబ్బు కనపడనే కనపడదు. బస్సు పెట్టారు, భోజనం పెట్టారు, బట్టలు పెట్టారు అని అన్నిటికీ ‘పెట్టు’నే వాడతాం. పెళ్లిలో ఇచ్చిపుచ్చుకునేవాటికి పెట్టుపోతలు అనే పేరు కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. ‘ఇచ్చు’ బజారులోనూ నడుస్తుంది. ఇలాంటి చోట ‘పెట్టు’ పూర్తిగా ఇంటి మాట.

ఇక్కడ ‘మన’, ‘మా’ తేడా గురించి కొంచెం ఆగి చెప్పాలి. వినేవాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. హిందీవాళ్లు రెండు చోట్లా ‘హమ్’తోనే సరిపెట్టుకుంటారు. మనకు రెండు మాటలున్నాయి, వాటిని ఎక్కడ ఏది వాడాలో తెలియకపోతే చుట్టరికాలే తేడా వస్తాయి. మేనమామతో ‘మా ఇంట్ల లగ్గం’ అంటే ఆయన్ను గడప బయట నిలబెట్టినట్టు. ‘మన ఇంట్ల లగ్గం’ అనాలి. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మనం పెట్టుకుందాం’ అంటే ఆయన జేబు కూడా అందులో కలుస్తుంది. అక్కడ ‘మేం’ అనాలి. ‘మన ఇంట్ల లగ్గం మామా, మీరందరు రావాలె, బస్సు సంగతి మేం చూసుకుంటం.’ పెండ్లికి మన, ఖర్చుకు మేం. ఒక్క వాక్యంలో ఆయన్ను ఇంటివాణ్ని చేశారు, బరువు మాత్రం మీ మీదే ఉంచుకున్నారు. ఈ సౌకర్యం ఉన్న భాషలో పుట్టినందుకు నాకు సంతోషంగా ఉంటుంది.

‘రానుపోను’ నూటికి నూరుపాళ్లు సరైన మాట. దాన్ని మార్చకండి. తినను తిండి లేదు, కట్టను బట్ట లేదు, ఉండను ఇల్లు లేదు అంటాం కదా, ఆ ‘ను’యే ఇక్కడ ఉన్నది. తినడానికి తిండి, కట్టడానికి బట్ట, రావడానికీ పోవడానికీ ఖర్చు. దీన్ని వ్యాకరణంలో తుమున్నర్థకం అంటారు. ‘నేను రాను’ అనే వ్యతిరేక క్రియ కూడా ఇలాగే ఉండటం వల్ల మీకు అనుమానం వచ్చి ఉండవచ్చు. రూపం ఒకటే, పుట్టుక వేరు. ‘ఖర్చులు పోను మిగిలింది’ అనేటప్పటి పోను అర్థం ఇంకొకటి, అక్కడ తీసివేత. వాక్యంలో ఏది ఏమిటో తెలియక తికమకపడే తెలుగువాడు ఉండడు. ఊరి నుంచి బయల్దేరేవాడు ‘పోనురాను ఎంతవుద్ది?’ అని లెక్క వేసుకోవడమూ వినిపిస్తుంది. పిలిచేవాడు తన గుమ్మంలో నిలబడి మాట్లాడతాడు కాబట్టి అతనికి రావడం ముందు, పోవడం తర్వాత.

‘రాకపోకలు’ వేరు. అది అదే పనిగా జరిగే రావడం పోవడం. వాగు పొంగితే రాకపోకలు ఆగిపోతాయి. ‘వాళ్లకూ మాకూ రాకపోకల్లేవు’ అంటే చుట్టరికం తెగిందని. ఒక్క పెండ్లి ప్రయాణానికి ఆ మాట నప్పదు. అయితే ‘రానుపోను’ ఉన్నాక ‘ప్రయాణ’ ఎందుకు? ‘రానుపోను ఖర్చులు’ అంటే చాలు.

ఒక్క మాట ఉందా అన్నారు. పుస్తకాల భాషలో పాథేయం ఉంది, దారి కోసం కట్టి ఇచ్చేది. పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో ‘పథ్యతిథివసతిస్వపతేర్ఢఞ్’ (4-4-104) అనే సూత్రం ఉంది. ఒకదానికి తగినది, అక్కడ పనికొచ్చేది అనే అర్థంలో నాలుగు మాటలకు ఒకే ప్రత్యయాన్ని ఈ సూత్రం చెబుతుంది. దారికి పాథేయం, అతిథికి ఆతిథేయం, బసకు వాసతేయం, సొమ్ముగలవాడికి స్వాపతేయం, అంటే ధనం. మాటల రూపాల కోసం చెప్పిన సూత్రమే అయినా, పైఊరి చుట్టాన్ని పిలిచే పెండ్లి ఇంటికి కావలసినవన్నీ అందులో వరసగా ఉన్నాయి. నాకు ఎంతో ఇష్టమైన సూత్రం. (సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి: మీ ఉత్తరంలో ఒకచోట ‘ఆథిత్యం’ అని ఉంది. అతిథి, ఆతిథ్యం అని రాయాలి. త ముందు, థ తర్వాత.)

వాడుకలోకి వస్తే దారిబత్తెం అనే చక్కటి మాట ఉంది. సంస్కృతంలో భక్తం అంటే వండిన అన్నం అని కూడా అర్థం. ప్రాకృతంలో అది భత్తం అయింది, మన బత్తెం ఆ వరసలోదే. ముందు తిండి, తర్వాత తిండి ఖర్చుకిచ్చే డబ్బు, ఇప్పుడు ఉద్యోగుల ప్రయాణ భత్యం, కరువు భత్యం దాకా వచ్చింది. ఆఫీసుల్లో భత్యం బాగా స్థిరపడింది, ఇళ్లలో దారిబత్తెం అరుదైపోయింది. అది మళ్లీ నలుగురి నోళ్లలో వినపడాలని నా కోరిక.

మీ వైపు మాట ఇంకా సజీవంగా ఉంది: తొవ్వ ఖర్చులు. త్రోవ, తోవ, తొవ్వ అన్నీ ఒకటే. పెండ్లయి చుట్టాలు బయల్దేరేటప్పుడు ఇంటి పెద్దామె బొట్టు పెట్టి, జాకెట్ ముక్క, తమలపాకులు, అరటిపండు చేతిలో పెడుతుంది. ఆకుల కింద మడిచిన నోటు ఉంటుంది. ‘ఎందుకత్తమ్మా’ అని అవతలి చెయ్యి వెనక్కి పోతే, ఆ గుప్పిట మూసి ‘తొవ్వ ఖర్చులకు ఉంచు బిడ్డా’ అంటుంది. ఇస్తున్నాను అనలేదు, తీసుకో అనలేదు, ఎంతో చెప్పలేదు. ‘ఉంచు’ అంది. అప్పటికే అది ఆ బిడ్డదే అన్నట్టు. మీరు వెతుకుతున్న వాక్యం అదే అనుకుంటాను.

ఇక శుభలేఖ. పైన ‘సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అని వేశారు. ‘స’ అన్నా ‘తో కూడా’ అనే అర్థమే, ‘సమేత’ అన్నా అదే అర్థం. సకుటుంబంగా అంటే చాలు, లేదా కుటుంబ సమేతంగా. కానీ పిలుపులో మాట మీద మాట పేర్చడం మనవాళ్ల ముచ్చట, దాన్ని తప్పని కొట్టేయలేను. కింద ‘మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి’ అని ఉంది. మత్ అర్పిత, అంటే నేను సమర్పించే. తాంబూలాదిలో ‘ఆది’ అంటే మొదలైనవి. బస్సు టికెట్టు, బస, పనిరోజులు పోయినందుకు మీరు చేయదలచుకున్న సాయం, అన్నీ ఆ ‘ఆది’లో ఇమిడిపోతాయి. కార్డు మీద వేరే వాక్యం అక్కర్లేదు, అది తీయించండి. పైగా ఆ వాక్యం చదివిన ప్రతి ఊరివాళ్లూ తమకు వర్తిస్తుందా లేదా అని ఆలోచనలో పడతారు.

భివండికి ఫోన్ చేసి చెప్పండి. చెప్పేది మీ అమ్మగారైతే మరీ మంచిది, ఆమె తమ్ముడే కదా. మిత్రులకు రాసి పంపాల్సి వస్తే ‘టికెట్లు మేం తీసి పంపుతున్నాం, ఏ రోజుకు తీయాలో చెప్పండి’ అని రాయండి. ‘బిల్లు పంపితే తిరిగి చెల్లిస్తాం’ అని మాత్రం వద్దు. తిరిగి చెల్లించేది అప్పు. పెండ్లికి వచ్చినవాళ్లు మనకు అప్పిచ్చినవాళ్లు కాదు.