ఎలక్షన్ల నిలబడ్డోళ్ల ఫోటోలు: అల్లుడికి ఒక జాబు

అల్లుడూ,

నర్సంపేట దిక్కు సర్పంచ్‌కు నిలబడెటోళ్లు ఫోటోలకు నిన్ను మాట్లాడుకున్నరని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. స్టూడియోల వద్దు, బయట తీయమన్నరట. మంచిదే. పెండ్లిళ్లు తీసిన చెయ్యి నీది, కెమెరా గురించి నేను కొత్తగ చెప్పేది ఏం లేదు. కాని ఈ పని తీరు వేరు.

పెండ్లి ఫోటో ఇంట్లోళ్లు చూసుకుంటరు. ఈ ఫోటో ఊరంత చూస్తది, చూసెటోళ్లందరికీ ఆ మనిషి చిన్నప్పటిసంది ఎరుక. పొద్దున తమతోని చాయ్ తాగినాయన సాయంత్రానికి ఫ్లెక్సీ మీద మైదాపిండి పూసినట్టు కనబడితె నవ్వులపాలైతడు. మొన్న లేచిన మొటిమ ఉంటె తీసెయ్, పాత గాటు, పుట్టుమచ్చ ముట్టకు. "జర తెల్లగ చెయ్యి తమ్మీ" అని ఆయనే అంటడు. చర్మం రంగు జోలికి పోకుండ ఫోటోకు వెలుగు కొంచెం పెంచి చూపియ్యి. ఆయన సంతోషపడ్తడు. ఫ్లెక్సీల ఎట్లాగు ముదురుగ వస్తది కాబట్టి ఆ పెంచుడు అక్కడ కూడా పనికొస్తది.

పొద్దుగాల ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర దాటినంక వెలుగు బాగుంటదని నీకు తెలుసు. వాళ్లు మాత్రం మిట్టమధ్యాహ్నమే దొరుకుతరు, వచ్చుడు వచ్చుడే వేపచెట్టు కింద నిలబడ్తరు. ఆకుల సందుల నుంచి ఎండ మొఖం మీద చుక్కలు చుక్కలుగ పడ్తది, మిగిలిన మొఖానికి ఆకుపచ్చ ఎక్కుతది. దాన్ని ఎంత కూసుండి సవరించినా పోదు. పెంకుటింటి అరుగు వెతుక్కో. నీడ అంచు దాక ముంగటికి రమ్మని, మొఖం ఆకాశం దిక్కు పెట్టమను. కండ్లల్ల మెరుపు దానంతటదే వస్తది.

తెల్ల చొక్కా ఈ పనిల పెద్ద తలనొప్పి. కెమెరాను ఆటోల వదిలిపెడితె ఆ తెలుపు చూసి మొఖాన్ని నల్లగ చేస్తది. మొఖానికి చూసి పెడితె చొక్కా మడతలన్ని పోయి ఉత్త తెల్ల కాగితం మిగుల్తది. మడతలు కనబడేటట్టు ఎక్స్‌పోజర్ (కెమెరా లోపటికి వచ్చే వెలుగు) పెట్టి, మొఖానికి పక్క నుంచి థర్మాకోల్ షీట్‌తోని వెలుగు మళ్లియ్యి. కింది నుంచి మళ్లియ్యకు, కండువా రంగు గదువ కింద పడ్తది. గులాబీ అయినా కాషాయమైనా అంతే. కండువా మెడకు చుట్టుకోకుండ భుజాల మీదికి జార్చమను.

అసలు సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు గద. కండువా లేకుండ సగం ఫోటోలు తప్పకుండ తీసిపెట్టుకో. ఉంగరమో కత్తెరో, గుర్తు చేతికొచ్చేది నామినేషన్ల ఉపసంహరణ అయిపోయినంకనే. ఆ రాత్రే ఫ్లెక్సీలు కొట్టియ్యాలె, మళ్ల ఫోటో దిగే తీరిక ఎవరికీ ఉండదు. మనిషిని ఒక పక్కకు నిలబెట్టి, రెండో పక్క గుర్తుకు జాగ ఉంచి తీయి.

వెనుక ఏమున్నదో చూసుకో. పత్తి ఏరే కాలంల పత్తిచేను పెట్టకు, తెల్ల చొక్కా అందుల కలిసిపోతది, ఫ్లెక్సీ డిజైనర్ మనిషి బొమ్మను వెనుక నుంచి విడదీసి కత్తిరించలేక నిన్ను తిడ్తడు. మక్కచేను, వరిపొలం నయం. వరంగల్ దాక వస్తం, కోట తోరణాల ముంగట తీయమంటరు కొందరు. అది పురావస్తు శాఖ కింద ఉన్న జాగ, కెమెరా స్టాండ్ పెట్టాలంటె అనుమతి కావాలె. గుళ్లు వద్దేవద్దు. వేయిస్తంభాల గుడైనా ఊరి పోచమ్మ గుడైనా, ప్రార్థనా స్థలాన్ని ప్రచారానికి వాడొద్దని ఎన్నికల కోడ్‌ల ఉన్నది. ఒకే ఊరోళ్లు ఇద్దరు నీ దగ్గరికే వస్తె ఇద్దరినీ ఒకే అరుగు మీద నిలబెట్టకు, ఒకరి ఫోటో ఇంకొకరికి చూపియ్యకు. ఫోన్ల కూడా.

కండ్లద్దాల సంగతి చాలామందికి తెల్వది. ఎండకు నల్లబడే అద్దాలు ఉంటయ్ గద, అవి పెట్టుకొని బయట ఐదు నిమిషాలు నిలబడితె మనిషి గుడ్డోని లెక్క కనబడ్తడు. వాటిని జేబుల పెట్టించు, షట్టర్ నొక్కే ముందు తగిలించుకోమను. రేపు అసెంబ్లీకి నిలబడెటాయన వచ్చి బ్యాలెట్ ఫోటో అడిగితె ఇది ఇంకా ముఖ్యం. 2015 నుంచి బ్యాలెట్ మీద ఫోటో వేస్తున్నరు: 2 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 ఎత్తు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, గడిచిన మూడు నెలలల్ల దిగింది. నల్లద్దాలు, టోపీ ఉండొద్దు. నీడల ఉన్న సున్నం గోడ చాలు దానికి.

దండం పెట్టే ఫోటో ఫోన్ల తీసినట్టు దగ్గరికి పోయి తీస్తె చేతులు మొఖమంత అయితయ్. 85 ఎంఎం లెన్స్ (దూరం నుంచి మొఖాలు తీసేది) పెట్టి దూరం జరుగు, చేతులు ఛాతీ కాడ ఉంచమను, మోచేతులు తెగనియ్యకు. సినిమా హీరో లెక్క కింది నుంచి తీయకు, ముక్కు రంధ్రాలు తప్ప ఏం కనబడయ్. "అన్నా నవ్వు, అన్నా నవ్వు" అని అరిచే పోరగాళ్లను చాయ్‌కు పంపు. నవ్వు కోసం మనుమరాలి సంగతి అడుగు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి ధర మాత్రం అడగకు, ఉన్న మొఖం కూడా వాడిపోతది.

స్థానిక సంస్థలల్ల సగం సీట్లు ఆడవాళ్లయే. కాని ఫోటోకు వచ్చినప్పుడు మాట్లాడేది భర్తనే, ముంగట నిలబడేది భర్తనే. నువ్వు "అక్కా, మీకెట్ల కావాలె" అని ఆమెనే అడుగు. ఆమె ఒక్కతి ఉన్న ఫోటోలు ముందు తీయి, ఆయనను తర్వాత పిలువు. గిట్ల చేస్తె బేరం పోతదని భయపడకు, ఇంటికి పోయినంక ఆమెకు నచ్చిన ఫోటోనే నిలబడ్తది.

పైసలు ఫైళ్లు ఇచ్చేటప్పుడే తీసుకో. లెక్కింపు అయినంక ఓడినాయన ఫోన్ ఎత్తడు, గెలిచినాయన చుట్టూ జనం తెగరు. బిల్లు ఎంతైతె అంతే రాయి, తక్కువ రాయమంటె ఒప్పుకోకు. 5,000 జనాభా దాటిన ఊర్ల సర్పంచ్ ఖర్చుకు రెండున్నర లక్షలు, చిన్న ఊర్లల్ల లక్షన్నర హద్దు. నీ బిల్లు ఆ లెక్కల చేరుతది.

మొదటి ఊరు ఫోటోలు అయినంక పెన్‌డ్రైవ్ పట్టుకొని హనుమకొండ రా. ఫ్లెక్సీ ప్రింటింగ్ కాడ కూసుందాం. నీ మానిటర్ రంగు, ఆ మిషన్ రంగు పక్కపక్కన పెట్టి చూసినంకనే రెండో ఊరికి పో.

మీ మామ