హాంకాంగ్ క్లాక్ టవర్: మీరడిగినవి, మేం చెప్పేవి

ప్రశ్న: డిసెంబర్‌లో హాంకాంగ్ వెళ్తున్నాం. మావారు వాల్తేరు డివిజన్‌లో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ సముద్రం ఒడ్డున ఉన్న పాత రైల్వే క్లాక్ టవర్ చూసి తీరాలంటున్నారు. పైకి ఎక్కనిస్తారా? ఏ వేళకు వెళ్తే మంచిది?
– ఓ పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం

జవాబు: ఎక్కనివ్వరండీ. బయటి నుంచే చూడాలి, టికెట్ లేదు. కౌలూన్ స్టేషన్‌లో భాగంగా 1915లో కట్టిన టవర్ అది. ఎర్ర ఇటుక, గ్రానైట్. ఎత్తు 44 మీటర్లు, ఆపైన పిడుగు కడ్డీ ఇంకో 7 మీటర్లు. గడియారం మాత్రం 1921 మార్చి 22న గానీ నడవడం మొదలెట్టలేదు. 1975లో రైళ్లు హంగ్‌హోమ్‌కు మారిపోయాయి. తర్వాత స్టేషన్‌ని పడగొట్టి టవర్ ఒక్కటే ఉంచారు. మీవారు ప్లాట్‌ఫాం ఎక్కడా అని వెతుకుతారేమో, పక్కనే కిటికీల్లేని గోడలతో కనిపించే కల్చరల్ సెంటర్‌ని చూపించండి. స్టేషన్ ఉన్న చోటు అదే.

మెట్రోలో అయితే చిమ్ షా చుయ్ స్టేషన్‌లో దిగి ‘ఈ’ గేటు నుంచి బయటికి రండి. సముద్రం వైపు నడిచి, సాలిస్‌బరీ రోడ్డు తగలగానే కుడిచేతి వైపు తిరగాలి. మా ఓటు మాత్రం స్టార్ ఫెర్రీకే. అవతలి ఒడ్డున సెంట్రల్‌లో ఎక్కితే టవర్ పక్కనే దింపుతుంది. టవర్ కింద నిలబడి ఫొటో తీస్తే పైభాగం వెనక్కి వాలినట్టు పడుతుంది. ఫెర్రీలోంచి తీస్తే నిలువుగా, మొత్తం వస్తుంది.

డిసెంబర్‌లో అక్కడ 5.40 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. అయిదుంపావుకల్లా చేరితే వెలుగులోనూ చూడొచ్చు, దీపాలు వెలిగాకా చూడొచ్చు, ఆరు గంటలు కొట్టడమూ వినొచ్చు. 1950 నుంచి మూగగా ఉన్న గంట 2021 డిసెంబర్‌లో మళ్లీ వినిపించింది. ఇప్పుడు డిజిటల్ పద్ధతిలో ఉదయం 8 నుంచి అర్ధరాత్రి దాకా గంటగంటకీ మోగుతోంది. రాత్రి 8కి లైట్ల షో ఉంటుంది, పది నిమిషాలు. దాని కోసం జనం ఎగబడతారు గానీ, ఆరింటి గంట విని భోజనానికి వెళ్లిపోయినా మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు.

వానాకాలంలో వెళ్లేవాళ్లకు ఒక మాట. తుపాను సిగ్నల్ 3 పెడితే ఆ షో రద్దు, 8 పెడితే ఫెర్రీలూ ఆగిపోతాయి. మన పోర్టులో ఎగరేసే నంబర్ల లెక్క వేరు, వాటితో పోల్చుకోకండి.

ప్రశ్న: హాంకాంగ్‌కు వెళ్లేముందు చేసుకునే ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ అయిపోయాక పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాను. పాత రిజిస్ట్రేషన్ చెల్లుతుందా?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: చెల్లదు. నంబరు మారింది కాబట్టి మళ్లీ చేసుకోండి. ఫీజేమీ లేదు. ఆరు నెలలు పనికొస్తుంది, వెళ్లిన ప్రతిసారీ 14 రోజుల వరకు ఉండొచ్చు. వచ్చిన స్లిప్పును ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి సంతకం చేసి పట్టుకెళ్లండి. ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందనుకుని చెక్-ఇన్ దగ్గర ఇరుక్కోవద్దు.

ప్రశ్న: రేవుల్లో క్లాక్ టవర్లు ఓడల కోసమే కట్టేవారా? మన విశాఖలో అలాంటిది ఉండేదా?
– ఓ విద్యార్థి, వన్‌టౌన్

జవాబు: హాంకాంగ్‌ది రైలు ప్రయాణికుల గడియారం. ఓడకు అంత మోటు సమయం పనికిరాదు. నడిసముద్రంలో రేఖాంశం తేల్చడానికి క్రోనోమీటరే, అంటే ఓడలో ఉంచే అతి కచ్చితమైన గడియారమే ఆధారం. అందులో 4 సెకన్ల తేడా వస్తే, భూమధ్యరేఖ దగ్గర ఓడ ఉన్నచోటు లెక్క 1.85 కిలోమీటర్లు తప్పుతుంది. లోలకం గడియారం సంగతి చూడండి. వేడి 10 డిగ్రీలు పెరిగి ఉక్కు కడ్డీ సాగిందంటే రోజుకు 5 సెకన్లు వెనకబడుతుంది. టవర్ మీదైతే పెద్ద ముళ్లను గాలి నెడుతుంది, ఉప్పుగాలికి ఇరుసులు తుప్పు పడతాయి.

అందుకే హాంకాంగ్‌లో ఓడలకు వేరే ఏర్పాటు ఉండేది. 1885 జనవరి 1 నుంచి మెరైన్ పోలీసు ఠాణా ఆవరణలోని బురుజు మీద ఒక గోళాన్ని పైకి లాగి, సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకు వదిలేవారు. నావికులు దూరదర్శినితో చూస్తూ, గోళం కదిలిన క్షణాన్ని క్రోనోమీటర్‌తో సరిచూసుకునేవారు. తర్వాత దాన్ని దగ్గర్లోని గుట్ట మీదికి మార్చారు, 1933లో ఆపేశారు. ఆ ఠాణాయే ఇప్పటి ‘1881 హెరిటేజ్’. క్లాక్ టవర్ నుంచి రోడ్డు దాటితే చాలు, అదీ చూసి రండి.

విశాఖలో ఈ పని అంతకంటే ముందే జరిగింది. గోడే వెంకట జగ్గారావు గారు 1840ల్లో డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ నడిపారు. నక్షత్రం మధ్యాహ్న రేఖ (ఉత్తర దక్షిణాలుగా నడినెత్తి మీదుగా ఆకాశంలో ఊహించుకునే గీత) దాటే క్షణాన్ని టెలిస్కోపుతో పట్టి సమయం తేల్చేవారు. ఆ లెక్కతో డాల్ఫిన్స్ నోస్ మీద జెండాను రోజూ ఉదయం సరిగ్గా 9 గంటలకు దించేవారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అబ్జర్వేటరీని కొనసాగించారు.

గంట కొట్టకుండా జెండా ఎందుకంటారా? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. మూడు కిలోమీటర్ల అవతల లంగరేసిన ఓడకు గంట దాదాపు 9 సెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. జెండా దిగడం మాత్రం ఆ క్షణంలోనే కనబడుతుంది.