మేఘాల్లో గరుకు, మాటల్లో తికమక

సందేహం: కంప్యూటర్‌లో ఆకాశాన్ని, మేఘాలను రెండర్ చేయడం, అంటే వెలుతురు లెక్కకట్టి బొమ్మగా మార్చడం నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. బొమ్మలో సన్నటి చుక్కలు చుక్కలుగా కనిపించేదాన్ని ఇంగ్లిష్‌లో గ్రెయిన్ అనీ, నాయిస్ అనీ అంటారు. దాన్ని తగ్గించే పద్ధతి చెబుతూ ‘మేఘాలలోని ధాన్యాన్ని తొలగించడానికి నమూనాలను పెంచండి’ అని రాశాను. చదివినవాళ్లు అర్థం కాలేదన్నారు. ధాన్యం బదులు రేణువు అనాలా, రొద అనాలా? అసలు మేఘం అనాలా, మబ్బు అనాలా?

సమాధానం: మీ వాక్యంలో తెలుగువాళ్లకు తెలియని మాట ఒక్కటీ లేదు. అయినా అర్థం కాలేదంటే తప్పు ధాన్యం ఒక్కదానిదే కాదు. తొలగించడం, నమూనాలు కూడా చదివేవాళ్లను పక్కదారి పట్టిస్తున్నాయి. ఇలాంటి చోట నిఘంటువు తెరిచేముందు ఆ చుక్కలు ఎందుకు పుడుతున్నాయో చూడాలి. కారణం తెలిస్తే మాట దానంతటదే దొరుకుతుంది.

ఫిల్ము మీద తీసిన ఫొటోల్లో గ్రెయిన్ అంటే నిజంగానే రేణువులు. ఫిల్ము పూతలో వెండి లవణాల స్ఫటికాలుంటాయి. డెవలప్ చేశాక నలుపు తెలుపు ఫొటోలో మిగిలేది వెండి రేణువులే. ఫొటోను బాగా పెద్దది చేస్తే వాటి గుంపులు కంటికి కనిపిస్తాయి. అక్కడ రేణువు అనడం నూటికి నూరుపాళ్లు సరైనది. కంప్యూటర్ వేసిన మేఘంలో అలాంటి పదార్థమేదీ లేదు. పైగా అసలు మేఘమంటేనే నీటి బిందువుల గుంపు. ‘మేఘంలో రేణువులు తగ్గించండి’ అని రాస్తే, ఆ బిందువులనే తగ్గించమన్నారనుకుని ఎవరైనా మేఘం చిక్కదనం తగ్గించే మీట నొక్కవచ్చు. మీరు చెప్పదలచుకున్నది అది కాదు.

జరుగుతున్నది వేరు. ఒక్కో పిక్సెల్‌కు ఎంత వెలుతురు చేరాలో రెండరర్, అంటే బొమ్మ వేసే సాఫ్ట్‌వేర్, లెక్కకడుతుంది. మేఘంలోకి వెళ్లిన వెలుతురును నీటి బిందువులు దాదాపుగా పీల్చుకోవు, చెదరగొడతాయి. అది ఒక బిందువు నుంచి మరో బిందువుకు దిక్కు మార్చుకుంటూ ఎన్నోసార్లు తిరిగి ఎక్కడో బయటపడుతుంది. తెల్లటి మేఘం అంత తెల్లగా ఉండటానికి కారణం ఇదే. రెండరర్‌కు కష్టం కూడా ఇక్కడే. అన్ని దారులనూ లెక్కించడం సాధ్యం కాదు కాబట్టి కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచుకుని సగటు తీస్తుంది. మాంటే కార్లో పద్ధతి అనేది దీన్నే. పక్కపక్కనే ఉన్న రెండు పిక్సెళ్లకు వేర్వేరు దారులు తగులుతాయి. ఒకచోట సగటు కాస్త ఎక్కువ వస్తుంది, పక్కన కాస్త తక్కువ వస్తుంది. మనకు చుక్కలుగా కనిపించేది ఈ హెచ్చుతగ్గులే.

అంటే అక్కడ పదార్థం లేదు, ఎగుడుదిగుడు మాత్రమే ఉంది. దానికి తెలుగులో చక్కటి మాట గరుకు. అది చేతికి తెలిసే గుణం కదా, కంటికి ఎలా వాడతామని అనుమానం రావచ్చు. గరుకు గొంతు అని చెవికి తెలిసేదానికి కూడా వాడుతూనే ఉన్నాం. ‘మేఘం గరుకుగా వచ్చింది’ అంటే చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. దీనికి ఎదురుమాట నునుపు కూడా సిద్ధంగా ఉంది. గుణాన్ని పేరుగా చెప్పాల్సి వస్తే తెల్లదనం, పచ్చదనం లాగ గరుకుదనం అనండి. బరక అనే మాట కూడా ఉంది కానీ, సరిగా నలగని పొడికి వాడే మాట కావడంతో మళ్లీ పదార్థమే గుర్తొస్తుంది. నా ఓటు గరుకుకే.

రొద ఎందుకు వద్దంటున్నానంటే, అది చెవిని వదిలి రాదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మేఘాలు వేసేవాళ్లకు నాయిస్‌లు రెండు. ఒకటి మీరు తగ్గించాలనుకుంటున్నది. రెండోది మేఘానికి రూపమిచ్చేది. కంప్యూటర్ గ్రాఫిక్స్ శాస్త్రవేత్త కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించిన పద్ధతి పెర్లిన్ నాయిస్ పేరుతో ప్రసిద్ధి. అందుకు ఆయనకు 1997లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం కూడా దక్కింది. మేఘపు ఒంపులు, పొరలు, చిరుగుల అంచులు అలాంటి నాయిస్ నుంచే పుట్టుకొస్తాయి. రెండింటికీ రొద అని రాస్తే, మొదటి పాఠంలో రొద కలపమంటారు, మూడో పాఠంలో రొద తగ్గించమంటారు. నేర్చుకునేవాళ్లు ఏం చేయాలి? అందుకే పెర్లిన్ నాయిస్‌ను పేరుగా అలాగే ఉంచండి. అక్కర్లేనిదాన్ని గరుకు అనండి. ఇంగ్లిష్‌లో ఒకే మాట మోస్తున్న రెండు పనులు తెలుగులో విడిపోతాయి. ఇది మనకు కలిసివచ్చిన అవకాశం.

ఇక తొలగించడం. ఈ పనికి ఈ క్రియ సరిపోదు. శాంపిళ్లు, అంటే రెండరర్ ఎంచుకునే ఆ వెలుతురు దారులు, పెంచితే గరుకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. లెక్క ఇలా ఉంటుంది: గరుకు సగానికి తగ్గాలంటే శాంపిళ్లు 4 రెట్లు కావాలి, పదోవంతుకు తగ్గాలంటే 100 రెట్లు కావాలి. రెండర్‌కు పట్టే సమయం కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. ‘తొలగించండి’ అని చదివినవాళ్లు చివరి చుక్క పోయేదాకా సంఖ్య పెంచుతూ పోతారు, గంటలు గడిచిపోతాయి. ‘తగ్గించండి’ అంటే ఎక్కడో ఒకచోట ఆగాలన్న సూచన ఆ మాటలోనే ఉంది.

పైగా గరుకు మొత్తం పోవడం ఎప్పుడూ మంచిదే అనుకోకండి. చూపు సాగే గీత వెంట మేఘంలో అడుగులు వేస్తూ లెక్కకట్టే పద్ధతిలో, ప్రతి పిక్సెల్‌కూ ఒకే దూరం నుంచి మొదలుపెట్టి ఒకే నిడివి అడుగులు వేస్తే చారలు వస్తాయి. మొదలయ్యే చోటును కాస్త అటూ ఇటూ జరిపితే చారలు పోయి వాటి బదులు గరుకు వస్తుంది. కంటికి చారల కంటే గరుకే నయం కాబట్టి తెలిసే అలా చేస్తారు. ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండే 8 బిట్ల చిత్రంలో నీలాకాశం మరీ నునుపైతే అక్కడా చారలు తేలతాయి. వాటిని కప్పడానికి రవ్వంత గరుకు మళ్లీ కలుపుతారు. గరుకును నునుపు చేసే సాధనమైన డీనాయిజర్‌తో అతిగా నునుపు చేస్తే మేఘపు అంచుల్లోని సన్నటి పోగులు అలుక్కుపోతాయి. ఇవన్నీ తొలగించడం అనే మాటలో ఇమడవు.

నమూనాల విషయం. రక్త నమూనా అన్నప్పుడు అది శాంపిల్, ఇంటి నమూనా అన్నప్పుడు మోడల్. వేరే రంగంలో సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. మీ పాఠాల్లో అడుగడుగునా త్రీడీ మోడళ్లు ఉంటాయి కాబట్టి ‘నమూనాలు పెంచండి’ అంటే ఇంకో నాలుగు మేఘాలు పెట్టమన్నట్టు వినిపిస్తుంది. శాంపిల్‌కు మచ్చు అనే అచ్చ తెలుగు మాట ఉంది, నాకు ఎంతో ఇష్టమైనది కూడా. కానీ అది మచ్చుకు, మచ్చుతునక వంటి రూపాల్లోనే బతికి ఉంది. మచ్చులు అని రాస్తే మచ్చలు అని చదువుతారు, చుక్కల గురించి చెప్పే చోట అది మరీ ప్రమాదం. అందరి నోటా ఉన్న శాంపిల్‌నే వాడండి. బహువచనం మాత్రం మనదే చేసుకోవచ్చు: సైకిళ్లు, టేబుళ్లు అన్నట్టే శాంపిళ్లు, పిక్సెళ్లు. శాంపిల్స్ అన్నా తప్పు లేదు, శాంపిల్స్‌లు అనకండి.

ధాన్యాన్ని, నమూనాలను అంటూ ప్రతి కర్మకూ ని, ను తగిలించడం కూడా వాక్యాన్ని బరువెక్కించింది. ప్రాణం లేనివాటికి చాలాచోట్ల అది అక్కర్లేదు. ‘డానికి’తో మొదలుపెట్టే బదులు ‘ఆలంటే’ వాడితే నోటికి దగ్గరగా వస్తుంది. ‘మేఘాల్లో గరుకు తగ్గాలంటే శాంపిళ్లు పెంచండి.’ మీ వాక్యం ఇలా ఉంటే చాలు. గరుకు మేఘంలో ఉందో, దాని వెనక ఆకాశపు మసకలో ఉందో ముందు చూసుకోమని ఇంకో వాక్యం చేర్చండి. టెర్రాజెన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండింటికీ అమరికలు వేరువేరు.

మేఘం, మబ్బు రెండూ మంచి మాటలే. అయితే మబ్బుగా ఉంది, మబ్బు పట్టింది అన్నప్పుడు మబ్బు ఆకాశం తీరును కూడా చెబుతుంది. విడిగా ఒక ఆకారాన్ని చూపించి చెప్పే పాఠంలో మేఘం స్పష్టంగా ఉంటుంది. మొయిలు కవిత్వానికి వదిలేద్దాం.

మీరు అడగలేదు కానీ, వీడియో పాఠానికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఫ్రేము ఫ్రేముకూ చుక్కలు చోటు మార్చుకుంటే మేఘం లోపల పురుగులు కదిలినట్టుంటుంది. దానికి లుకలుకలాడటం అనే మాట ఉండనే ఉంది. ‘నిశ్చలచిత్రంలో కనిపించని గరుకు వీడియోలో లుకలుకలాడుతుంది’ అని రాయండి.

తెర మీద ఇంగ్లిష్‌లో ఉండే మీటల పేర్లను మాత్రం అనువదించకండి. ఆ పేర్లను తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వచ్చినచోట అదేం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పండి. మీ పుటలో చదివిన పేరు తెర మీద దొరక్కపోతే నేర్చుకునేవాళ్లు అక్కడే ఆగిపోతారు.