స్పీకర్ కొనే ముందు ఈ ఉత్తరం చదువు

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి,

అమ్మాయ్, గుంటూరులో నీ అంగన్‌వాడీ సెంటర్‌కి పిట్టల కూతలు వినిపించే స్పీకర్ కొందామనుకుంటున్నానని ఫోన్లో చెప్పావు కదా. కొనకు తల్లీ. ముందు పిల్లల్ని గుమ్మం బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టు.

నేనూ మొదట్లో క్యాసెట్ పెట్టి గంతులు వేయించినదాన్నే. ఒకరోజు కరెంటు పోయింది. పిల్లల్ని బాదం చెట్టు కింద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఏం వినిపిస్తోందో చెప్పమన్నాను. ఒకడు కాకి అన్నాడు, ఇంకొకడు పక్కింటి కుక్కర్ అన్నాడు. నెలరోజులుగా నోరు విప్పని ఒక పిల్ల మెల్లగా, "ఆకు నడుస్తోంది" అంది. చూస్తే నిజమే, ఎండిన బాదం ఆకొకటి గాలికి సిమెంటు గచ్చు మీద గరగరమంటూ జరుగుతోంది. అందరం లేచి ఆ ఆకులాగే కాళ్లీడుస్తూ నడిచాం. గాలి ఆగితే ఆగాం, వీస్తే కదిలాం. ముందు ఆ పిల్ల, వెనక మేమందరం. ఆ రోజునుంచీ ముందు చెవి, తర్వాతే కాళ్లు అన్న వరస నేను మార్చలేదు.

పిచ్చుకనీ పావురాన్నీ చూపించు. పిచ్చుక రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది. పావురం తల ఆడిస్తూ ఒక్కో అడుగే వేస్తుంది. నువ్వు "తక తక" అంటే గెంతాలి, "తకధిమి" అని సాగదీస్తే నడవాలి. అన్నట్టు, "కుహూ" అనేది మగ కోయిలే. పిల్లలకు అలాగే చెప్పు.

వాన ఆట మాత్రం తీరిగ్గా ఆడించు. అరచేతులు రుద్దితే గాలి. ఒక వేలితో అరచేతి మీద కొడితే చినుకు, రెండు వేళ్లతో చిటపట, చేతులతో తొడల మీద చరిస్తే జడివాన, కాళ్లతో నేలను తంతే ఉరుము. తర్వాత అదే వరసలో వెనక్కి వచ్చి, మళ్లీ గాలి దగ్గర ఆగాలి. పెంచడం అందరికీ వచ్చేస్తుంది, తగ్గించడమే కష్టం. వారం పది రోజులు ఓపిక పట్టు. ఉరుముకు భయపడే పిల్లవాడుంటే వాడి చేతికే ఒక పళ్లెం, గరిటె ఇచ్చి వాడినే ఉరమమను.

ఇక్కడ మా పిల్లలకు బాగా నచ్చింది పాతచీర ఆట. చుట్టూ నిలబడి అంచులు పట్టుకుంటారు. "బ్యారేజి గేట్లు దించారు" అంటే చీర కదలకూడదు. "ఒక గేటు ఎత్తారు" అంటే గలగల. "70 గేట్లూ ఎత్తారు" అంటే ఇక హోరే!

చప్పుళ్లకు ఎండిన తురాయి కాయలు, కొబ్బరి చిప్పలు చాలు. ఎండుమిరపకాయలు మీ ఊళ్లో ఎక్కడ చూసినా ఉంటాయి, ఊపితే గలగలమంటాయి కూడా. కానీ పిల్లలకు ఇవ్వకు, అదే చేత్తో కళ్లు నలుపుకుంటారు. గింజలతో మరీ జాగ్రత్త. ఒకసారి నేను చింతపిక్కలు పోసిన డబ్బాకి మూత సరిగా బిగించలేదు. ఒక బాబు పిక్కను ముక్కులో పెట్టుకున్నాడు. డాక్టరు తీసేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తప్పు నాదే. మూతకు టేపు చుట్టు, ఇచ్చినన్ని డబ్బాలు లెక్కపెట్టి వెనక్కి తీసుకో.

మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కాబట్టి దీన్ని ఒక పీరియడ్‌గా పెట్టుకోకు. చేతులు కడుక్కోవడానికి వెళ్లేటప్పుడు పావురాల్లా వెళ్లమను, అదీ లెక్కే. ఎండాకాలంలో మాత్రం బయటి ఆటలు తొమ్మిదిలోపే ముగించు, గచ్చు కాలుతుంది.

ఆదివారం వస్తాను. తురాయి కాయలు ఒక సంచీడు ఏరి ఉంచాను. ఈలోగా పొద్దున్నే సెంటర్ గుమ్మంలో ఒక్కదానివే పది నిమిషాలు కూర్చుని, ఏమేం వినిపించాయో రాసిపెట్టు.

ఆశీస్సులతో,
మీ మేనత్త