రోగిని ముట్టుకోని డాక్టరా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయి ఎంబీబీఎస్ అయిపోయింది. పీజీలో ఎస్పీఎం, అదే ఒక్కో రోగిని కాక ఊరందరి ఆరోగ్యం చూసే కమ్యూనిటీ మెడిసిన్, తీసుకుంటానని పట్టుబట్టింది. రోగిని ముట్టుకోకుండా ఫైళ్లు చూసుకునే డాక్టరేమిటని వాళ్లమ్మ భోజనం మానేసింది. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ముందు అమ్మగారిని భోంచేయమనండి. ఫైళ్లు ఉంటాయి, కాదనను. కానీ విలియం ఫేగీ అనే అమెరికన్ డాక్టరు సంగతి ఆవిడకు చెప్పండి. 1966 చివర్లో ఆయన తూర్పు నైజీరియాలో ఉండగా మశూచి బయటపడింది, అందరికీ వేద్దామంటే టీకాలు చాలవు. అక్కడి మిషనరీలు రేడియోలో మాట్లాడుకునేవాళ్లు. మీ చుట్టుపక్కల ఊళ్లకు మనుషుల్ని పంపి జబ్బు ఎక్కడుందో చూసి చెప్పండని ఫేగీ వాళ్లను అడిగాడు. కేసులున్న ఊళ్లలోనూ, అక్కణ్నుంచి జనం సంతలకీ చుట్టాలిళ్లకీ వెళ్లే చోట్లా ముందు టీకాలు వేశారు. జబ్బు ఆగిపోయింది!

అదే పద్ధతి మన దేశానికీ వచ్చింది. 1974లో బీహార్‌లో కేసులు కుప్పలుగా బయటపడుతుంటే అక్కడి ఆరోగ్య మంత్రి ఇక చాలు, పాతపద్ధతిలో అందరికీ వేసేయండి అన్నారు. మీటింగులో ఓ కుర్ర బీహారీ డాక్టరు లేచి, మా ఊళ్లో ఇల్లంటుకుంటే ఆ ఇంటి మీదే నీళ్లు పోస్తాం, ఊరందరి ఇళ్ల మీదా కాదు అన్నాడట. మంత్రిగారు ఇంకొంత గడువిచ్చారు. 1975 మే తర్వాత దేశంలో మశూచి కేసే లేదు. ఫేగీ తర్వాత అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీకి డైరెక్టరయ్యాడు, కానీ నాకు ఆ కుర్రాడంటేనే ఎక్కువ ఇష్టం.

అంత దూరమెందుకు, మీ ఏలూరే చూడండి. 2020 డిసెంబరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోతే, అది అంటువ్యాధి కాకపోయినా, రక్తం, నీళ్లు, పాలు శాంపిళ్లు తీసుకుని కారణం వెతికిన పని ఈ కోవలోదే.

డబ్బు సంగతి దాచను. సాయంత్రం క్లినిక్ పెట్టుకుని సంపాదించే దారి దాదాపు లేదు. మెడికల్ కాలేజీ, ప్రభుత్వ శాఖ, లేదా డబ్ల్యూహెచ్ఓ లాంటి చోట జీతం మీద బతకాలి, తిరుగుడు కూడా ఎక్కువే.

ఒక్కటి మాత్రం అమ్మాయిని నిదానంగా అడగండి: ఇష్టపడే తీసుకుంటోందా, రోగుల్ని చూసే క్లినికల్ సీటు రాదన్న టెన్షన్‌తోనా? రెండోదైతే ఇంకో ఏడాది కూర్చుని చదవనివ్వండి. మొదటిదైతే వాళ్లమ్మను నాకు ఫోన్ చెయ్యమనండి, నేను మాట్లాడతాను.