డాక్టర్ సలహా: ఐసీయూ స్క్రీన్ మీద ‘హై రిస్క్ 38%’... నాన్నను వేరే ఆసుపత్రికి మార్చాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. జ్వరం, దగ్గు మొదలైన ఐదో రోజున ఆయాసం రావడంతో మియాపూర్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. టెస్టులో ఇన్‌ఫ్లుయెంజా, హెచ్1ఎన్1 అని తేలింది. న్యుమోనియా కూడా ఉందన్నారు. ఇప్పుడు ఐసీయూలో హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్నారు. అక్కడ మెషీన్ లెర్నింగ్‌తో పేషెంటు పరిస్థితి ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది. నిన్న అందులో ‘హై రిస్క్, 38%’ అని వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి? ఇంకా పెద్ద ఆసుపత్రికి మార్చాలా? మొదటి నాలుగు రోజులు మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వాడితే జ్వరం బాగానే తగ్గింది. ఇప్పుడు మా ఆవిడకు (ఆరో నెల) కూడా ఒళ్లు నొప్పులు, జ్వరం. మిగిలిన ఆ మాత్రలే వేసుకుంటోంది.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగిన అంకె సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ ఆవిడ సంగతి చూడండి. మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు కానీ, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే.

ఇంట్లో హెచ్1ఎన్1 తేలిన మనిషి ఉండగా గర్భిణికి జ్వరం వచ్చిందంటే, కాదని తేలేవరకు అది ఫ్లూ అనుకునే నడుచుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగే ముప్పు ఎక్కువ. 2009లో ఇదే హెచ్1ఎన్1 స్వైన్ ఫ్లూ పేరుతో వచ్చినప్పుడు చాలా దేశాల్లో ఇది కళ్లారా చూశారు. ఒసెల్టామివిర్ అనే మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే మేలు ఎక్కువ. గర్భిణులకూ ఇస్తాం. అయితే డాక్టరు చూసి రాయాలి, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. ఇవాళే ఆమె గైనకాలజిస్టుకు ఫోన్ చేసి, ఇంట్లో హెచ్1ఎన్1 కేసు ఉందని మొదటి మాటగా చెప్పి, తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక చూద్దాం అనుకోవద్దు. ఆయాసం, ఛాతీలో నొప్పి, మత్తుగా ఉండటం, ఆక్సిజన్ 95 కంటే తగ్గడం, కడుపులో బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

షాపు మాత్రలు ఇక ఒక్కటి కూడా వేసుకోవద్దు. గైనకాలజిస్టు రాసిన ఐరన్, థైరాయిడ్, బీపీ మాత్రల్లాంటివి మాత్రం మానకూడదు. మిగిలిన షాపు మాత్రలను పారేయకండి, వెంట తీసుకెళ్లి చూపించండి. నొప్పి మాత్రల్లో చాలావాటిని గర్భిణులకు ఇవ్వం. జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో.

ఆ పొట్లం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఓపీలో రోజూ చూస్తుంటాను. స్ట్రిప్పులోంచి కత్తెరతో కోసిన ముక్కలు, పేరు ఉన్న వైపు షాపులోనే ఉండిపోతుంది. కాగితం కవరు మీద పెన్నుతో రెండు గీతలు: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అందులో ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, వాటితోపాటు ఒక చిన్న మాత్ర. ఆ చిన్న మాత్ర చాలాసార్లు స్టెరాయిడ్. మీకిచ్చిన దాంట్లోనూ అదే ఉందని చూడకుండా అనలేను. కానీ షుగర్ ఉన్న మనిషికి జ్వరం చకచకా తగ్గి, ఐదో రోజుకల్లా ఆయాసం వచ్చిందంటే ఆ ప్రశ్న అడగకుండా ఉండలేను.

కోవిడ్ కాలంలో స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడిందని అందరికీ గుర్తుంది, అది నిజమే. బ్రిటన్‌లో 2020లో జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. అదే ట్రయల్‌లో ఆక్సిజన్ అవసరం పడనివాళ్లకు ఆ మందు వల్ల ఏ మేలూ కనబడలేదు. ఈ రెండో సగం మాత్రం జనానికి చేరలేదు. పైగా అది కోవిడ్ సంగతి. ఫ్లూలో స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించిన పరిశీలనలు ఉన్నాయి. వాటిని గట్టి సాక్ష్యం అనలేం, కానీ రెండో రోజు జ్వరానికే ఇంట్లో స్టెరాయిడ్ వేసుకోవడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. యాంటీబయాటిక్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, వైరస్ మీద అది పనిచేయదు.

ఇక ఆ సాఫ్ట్‌వేర్. దానికీ ఈ పొట్లానికీ సంబంధం ఉంది. ఇలాంటి మోడళ్లు పాత పేషెంట్ల రికార్డులు చూసి నేర్చుకుంటాయి: వయసు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, ఆక్సిజన్ ఎంత, స్పృహ ఎలా ఉంది, రక్తంలో యూరియా, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే పరీక్ష), లింఫోసైట్లు (ఒక రకం తెల్ల కణాలు) వగైరా. అలాంటి అంకెలున్నవాళ్లలో ఎందరు ఇంటికి వెళ్లారు, ఎందరు పోయారు అన్న లెక్క మీద మీ నాన్నగారికి ఒక శాతం ఇస్తాయి. అయితే స్టెరాయిడ్ పడితే తెల్ల కణాలు పెరుగుతాయి, షుగర్ పెరుగుతుంది, సీఆర్‌పీ తగ్గవచ్చు. జ్వరం మాత్ర పడితే టెంపరేచర్ మామూలుగా కనిపిస్తుంది. నాలుగు రోజులు ఏం మింగారో ఎవరూ చెప్పకపోతే, మెషీన్ చూసేది రోగాన్ని కాదు, రోగం మీద మాత్రలు వేసిన ముసుగును. డ్యూటీ డాక్టరుదీ అదే ఇబ్బంది.

చికిత్స సంగతి సరిగా లెక్కలోకి రాకపోతే ఎంత తప్పు జరుగుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో న్యుమోనియా రికార్డులతో తయారైన ఒక మోడల్, ఆస్తమా ఉన్నవాళ్లకు న్యుమోనియా వస్తే ప్రమాదం తక్కువ అని నేర్చుకుంది. అసలు జరిగిందేమిటంటే, ఆస్తమా ఉన్నవాళ్లను అక్కడ నేరుగా ఐసీయూకి పంపేవారు. మంచి వైద్యం అందింది కాబట్టి బతికారు, మెషీన్‌కి ఆ సంగతి తెలియదు. దాన్ని నమ్మి ఆస్తమా పేషెంట్లను ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఊరు మారినా లెక్క మారుతుంది. 2020లో వుహాన్‌లో 485 మంది కోవిడ్ పేషెంట్ల రికార్డులతో చేసిన ఒక మోడల్, మూడే మూడు రక్త పరీక్షలతో ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో 90 శాతానికి పైగా కచ్చితంగా చెప్పగలనంది. నెదర్లాండ్స్, ఫ్రాన్స్, అమెరికా డాక్టర్లు తమ పేషెంట్ల మీద వేసి చూస్తే ఆ కచ్చితత్వం నిలబడలేదు. అలాగని అన్నీ పనికిరానివి కావు. బ్రిటన్‌లో వేల మంది పేషెంట్ల మీద కట్టిన 4సీ స్కోరు అనే ముప్పు లెక్క ఎనిమిది మామూలు వివరాలతోనే కోవిడ్‌లో బాగా పనిచేసింది. అది కూడా కోవిడ్ కోసమే. కాబట్టి మీ డాక్టరుగారిని ఒక్కటి అడగండి: ఈ సాఫ్ట్‌వేర్‌ను మన దేశపు ఫ్లూ పేషెంట్ల మీద సరిచూశారా?

38% అంటే మీ నాన్నగారి నుదుట రాసిపెట్టింది కాదు. అది మరణానికి సంబంధించిన అంకే అయితే, అలాంటి పరిస్థితిలో ఉన్న వందమందిలో 62 మంది బయటపడతారని అర్థం. కొన్ని సాఫ్ట్‌వేర్లు వెంటిలేటర్ అవసరం పడే అవకాశాన్ని చూపిస్తాయి, అది వేరే లెక్క. ఏది చూపిస్తోందో ముందు అడగండి, టెన్షన్ సగం అక్కడే తగ్గవచ్చు. నేనైతే ఒక్క అంకె కంటే అది ఎటు వెళ్తోందో చూస్తాను. నిన్నటికీ ఇవాళ్టికీ ఆక్సిజన్ అవసరం పెరిగిందా, తగ్గిందా? ఊపిరి వేగం ఎంత? మూత్రం సరిగా వస్తోందా? మనిషి మాట్లాడుతున్నారా? రౌండ్స్ తర్వాత ఈ నాలుగూ అడిగి రాసుకోండి. స్క్రీన్ ‘హై రిస్క్’ అని హెచ్చరించడం వల్ల నర్సు గంటకొకసారి కాకుండా అరగంటకొకసారి వచ్చి చూస్తే, ఆ సాఫ్ట్‌వేర్ తన పని చేసినట్టే.

ఆసుపత్రి మార్చే విషయం పేషెంటును చూడకుండా నేను తేల్చేది కాదు, చూస్తున్న డాక్టరే తేల్చాలి. కానీ స్క్రీన్ మీది అంకె ఒక్కటే కారణమైతే మార్చవద్దనే అంటాను. హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని సాయంత్రం పూట ట్రాఫిక్‌లో మియాపూర్ నుంచి సికింద్రాబాద్ వైపు తీసుకెళ్లడం చిన్న ముప్పు కాదు. ఇప్పుడున్న చోట వెంటిలేటర్ ఉందా, రాత్రిపూట కూడా ఐసీయూ స్పెషలిస్టు ఉంటారా, కిడ్నీకి ఇబ్బంది వస్తే డయాలసిస్ చేయగలరా అని అడగండి. ఉన్నాయంటే అక్కడే ఉంచడం మేలు. లేవంటే ఇప్పుడే, మనిషి కాస్త నిలకడగా ఉండగానే మార్చండి, మరీ దిగజారాక కాదు. అవతలి ఆసుపత్రిలో ఐసీయూ బెడ్ ఖాయమైందని ఈ డాక్టరే ఆ డాక్టరుతో మాట్లాడి చెప్పాలి. ఆక్సిజన్, మానిటర్, వెంట ఒక డాక్టరు ఉన్న అంబులెన్స్ అయితేనే బయల్దేరండి.

ఈలోగా ఆ షాపుకు వెళ్లి, నాలుగు రోజులు ఇచ్చిన మాత్రల పేర్లన్నీ రాయించుకురండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మిమ్మల్ని ఎవరూ తిట్టరు. ఆ కాగితం ఒక కాపీ ఐసీయూ డాక్టరు చేతికి, ఒకటి మీ ఆవిడ గైనకాలజిస్టు చేతికి ఇవాళే చేరాలి.